పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తుంటే మన యాస పోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది నరసన్నపేట దగ్గర ఊరు. అబ్బాయి విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. వాట్సాప్‌లో తెలుగు మాటలే రాస్తాడు గానీ అక్షరాలు ఇంగ్లీషువి. పోనీ తెలుగులో రాయరా అంటే పేపర్లో వార్తలాగ రాస్తాడు, ఇంట్లో మాటలాగ ఉండదు. ఇంటర్నెట్ వల్ల శ్రీకాకుళం యాస పోతోందా, తెలుగు రాత పోతోందా, ఇప్పుడేం చెయ్యాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇంగ్లీషు అక్షరాల వల్ల యాసకి పెద్ద నష్టం లేదు. ఫోన్లో మన ఊరి మాట ఎక్కువగా కనబడేది అక్కడే. రాత విషయంలో మీ భయం నిజమే, అందులోనూ పేర్ల దగ్గర. ఇక యాసని నిజంగా చదును చేస్తున్నవి వేరే ఉన్నాయి. కీబోర్డు పైన వరసగా వచ్చే సూచనలు, మనం మాట్లాడితే టైపు చేసే మైకు, పొద్దున్నే వచ్చిపడే ‘శుభోదయం’ బొమ్మలు. వీటి మీద ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే అవి చక్కటి తెలుగులోనే ఉంటాయి.

నేను భాషాశాస్త్రం చదువుకోలేదు. విజయనగరంలో డీటీపీ పని నాది, పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లు వాడిన రోజుల నుంచి. పెళ్ళి కార్డులు, బారసాల కార్డులు, దినకార్యం కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. ఒకప్పుడు మేటర్ కాగితం మీద రాసి తెచ్చేవారు, లేదంటే ఎవరిదో పాత కార్డు తెచ్చి ‘పేర్లు మార్చీ బావూ’ అనేవారు. ఇప్పుడు అంతా వాట్సాప్‌లోనే వస్తుంది. కొందరు తెలుగులో, ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్దవాళ్ళయితే వాయిస్ మెసేజ్. ఒకే మనిషి ఈ మూడింటిలో మూడు రకాలుగా మాట్లాడటం రోజూ చూస్తుంటాను.

ఉదాహరణ చెప్తాను. గజపతినగరం వైపు ఒక కుర్రాడు వాళ్ళ అక్క పెళ్ళి కార్డులకి ఆర్డరిచ్చాడు. మొదటి మెసేజ్ తెలుగు లిపిలో పెట్టాడు: ‘నమస్కారం సార్, కార్డులు త్వరగా ఇవ్వగలరు, రేపు వెళ్తున్నాను.’ రెండు గంటలకి కంగారు పుట్టినట్టుంది, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. దాన్ని పైకి చదివితే ఇది: ‘ఏటి బావూ ఇంకా అవనేదా, నాను రేపు ఎల్తన్నాను, బేగి ఇచ్చీ.’ అదే మనిషి, అదే పని, అదే రోజు. మొదటిది బడిలో నేర్చుకున్న తెలుగు, రెండోది ఇంట్లో నేర్చుకున్న తెలుగు.

ఎందుకిలా అంటే, తెలుగు అక్షరాలు పట్టుకోగానే మనకి మాస్టారి ఎర్ర సిరా గుర్తొస్తుంది. ‘నాను’ అని రాస్తే తప్పు, ‘ఎల్తన్నాను’ అని రాస్తే ఇంకా తప్పు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుకి ఒప్పూ తప్పూ అంటూ లేవు. ఎవరూ మార్కులు వెయ్యరు. దాంతో నోట్లో ఉన్న మాట ఉన్నట్టు బయటికొచ్చేస్తుంది. ‘నేదు’, ‘ఉప్పుడు’, ‘ఎవులు’, ‘సెప్పినాను కదేటి’ లాంటివి నేను తెలుగు లిపిలో వచ్చిన మెసేజుల్లో అరుదుగా చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో రోజూ చూస్తాను. మీ అబ్బాయి మెసేజులు ఈసారి పైకి చదవండి. కళ్ళతో చూస్తే ఇంగ్లీషులా కనిపించింది, చెవికి మీ వీధి మాటలా వినిపిస్తుంది.

అసలు ఈ అలవాటు బద్ధకం వల్ల పుట్టలేదు. ఎస్సెమ్మెస్ రోజులు గుర్తు చేసుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పట్టేవి. తెలుగు లిపి వాడితే 70కి పడిపోయేది. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. ‘స్త్రీ’ అని ఒక్క అక్షరం రాస్తే కంప్యూటర్ లెక్కలో అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పైగా అవతలి ఫోనులో తెలుగు ఫాంటు లేకపోతే వరసగా డబ్బాలు కనబడేవి. డబ్బులు కట్టి డబ్బాలు పంపడం ఎవరికి సరదా? అందుకని అందరూ ఇంగ్లీషు అక్షరాలకి మళ్ళారు. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, 128 గళ్ళు కేటాయించారు. కానీ అది మన చేతిలో ఫోనుదాకా సరిగా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా వేళ్ళకి అలవాటు పడిపోయింది. తర్వాత 2016లో జియో వచ్చి డేటా చవకైనప్పుడు ఊళ్ళో ప్రతి ఇంటికీ వాట్సాప్ చేరింది, ఆ అలవాటు కూడా దాంతోపాటే చేరింది.

ఇప్పుడు యాస సంగతికి వద్దాం. మన యాస అంటే సినిమాల్లో చూపించినట్టు నాలుగు మాటలు కాదు. అది ముఖ్యంగా క్రియ చివర ఉంటుంది. వచ్చీసాడు, తినీసాను, ఎల్లిపోనాడు, చెప్పీ, ఇచ్చీ. ఇంటర్నెట్ తెచ్చిన కొత్త మాటలన్నీ నామవాచకాలే: స్టేటస్, లింక్, రీల్, గ్రూపు, డీపీ. అవి వాక్యంలో ముందుండి క్రియని మనకే వదిలేస్తాయి. అందుకే ‘నన్ను బ్లాక్ చేసీసినాడు’, ‘స్టేటస్ పెట్టీసింది’, ‘గ్రూపులోంచి తీసీసినారు’ అంటున్నాం. ముందు మాట ఎక్కడిదైనా తోక మాత్రం శ్రీకాకుళానిదే. రైలు వచ్చినప్పుడూ బస్సు వచ్చినప్పుడూ ఇదే జరిగింది. ఇంగ్లీషు మాటలు కలిసినంత మాత్రాన యాస పోయిందని నేను అనుకోను. తోక మారిపోయిన రోజున అనుకుంటాను.

ఆ తోకని మార్చేది ఏదంటే, కీబోర్డు సూచనలు. ఫోనులో తెలుగు రాయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు మాటగా మార్చి ఇచ్చేది. రెండోది, తెలుగు అక్షరాలే పరిచి ఉండే కీబోర్డు. మొదటిది సులువు కాబట్టి చాలామంది అదే వాడతారు. కానీ అది మనం కొట్టినదాన్ని తనకి తెలిసిన మాటల్లో ఏదో ఒకదానికి దగ్గర చేస్తుంది. ‘ఎల్తన్నాను’ అని కొడితే ‘వెళ్తున్నాను’ చూపించొచ్చు, ‘నాను’ కొడితే ‘నేను’ చూపించొచ్చు. పక్కన ఒక పెద్దమనిషి కూచుని మనం నోరు తెరవగానే ‘అలా కాదు బాబూ, ఇలా అనాలి’ అని అందిస్తున్నట్టు ఉంటుంది. ఒకటి రెండుసార్లు దిద్దుకుంటాం. పదోసారి ఓపిక లేక వచ్చినదాన్నే నొక్కేస్తాం. మీ అబ్బాయి తెలుగులో రాస్తే పేపర్ వార్తలా ఉండటానికి సగం కారణం ఇదే. వాడు అలా ఆలోచించి రాసింది కాకపోవచ్చు.

మైకు సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గూగుల్ మాట విని తెలుగులో టైపు చేసే సదుపాయం 2017లో వచ్చింది. నాకు పనిలో బాగానే ఉపయోగపడింది, కాదనను. ఆ యంత్రాలు ఎక్కువగా ఎక్కడి తెలుగు చూసి నేర్చుకుంటే అక్కడి తెలుగే బాగా వింటాయి. నెట్‌లో ఉన్న రాత చాలావరకు వార్తల తెలుగు. టీవీ యాంకర్‌లా మాట్లాడితే మైకు చక్కగా రాస్తుంది. సోంపేట ముసలమ్మ మాట్లాడితే తడబడుతుంది. షాపుకొచ్చే పెద్దవాళ్ళు మైకు ముందు గొంతు సవరించుకుని, మాట మార్చుకుని, ‘నేను చెప్పునది ఏమనగా’ అన్నట్టు మొదలుపెడతారు. మనవళ్ళతో ఎప్పుడూ అలా మాట్లాడనివాళ్ళు యంత్రంతో అలా మాట్లాడుతున్నారు. దీన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను.

వాయిస్ మెసేజ్ దీనికి పూర్తిగా ఎదురు. అందులో మాటని రాతగా మార్చేది ఏదీ లేదు, గొంతు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. మన జిల్లాల్లో దీని విలువ మిగతా చోట్లకంటే ఎక్కువ, ఎందుకంటే మనవాళ్ళు వలస పోతారు. తీరం ఊళ్ళ నుంచి గుజరాత్ వెరావల్ దాకా వేట పడవల మీదకి వెళ్తారు, అండమాన్ వెళ్తారు, హైదరాబాద్, చెన్నై వెళ్తారు. ఒకప్పుడు ఉత్తరం రాయాలంటే చదువుకున్నవాళ్ళ చేత రాయించాలి, ‘ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను’ అని ఒకటే మూస. ఇప్పుడు తల్లి నేరుగా మాట్లాడి పంపుతుంది. చదువు రాని మనిషి మాట ఏ మధ్యవర్తీ దిద్దకుండా వేరే రాష్ట్రం చేరడం మన దగ్గర కొత్త సంగతే. యాస పోతోందని బాధపడేవాళ్ళు ఇదెందుకో లెక్కలోకి తీసుకోరు.

‘శుభోదయం’ గురించి ముందే అన్నాను. మా వీధిలో పొద్దున్నే ఎదురుపడితే ‘ఏటి, టీ తాగీసావా?’ అనుకునేవాళ్ళం, ఇప్పటికీ అంతే. ఎవరూ నోటితో శుభోదయం అనుకోలేదు. ఫోనులో మాత్రం పువ్వు బొమ్మ, దేవుడి బొమ్మ, శుభోదయం. పుట్టినరోజైతే జన్మదిన శుభాకాంక్షలు, పెళ్ళిరోజైతే వివాహ వార్షికోత్సవ శుభాకాంక్షలు. ఎవరైనా పోతే గ్రూపులో వరసగా యాభై ‘ఓం శాంతి’లు. ఇంటర్నెట్ అంటే భాషని కొంచెం కొంచెంగా ఇంగ్లీషు చేస్తుందని మనం అనుకుంటాం గానీ, పలకరింపుల దగ్గర అది మనల్ని గ్రాంథికం వైపు లాక్కెళ్ళింది. దినకార్యం కార్డు వెయ్యడానికి వచ్చినవాళ్ళు కూడా ఇప్పుడు ‘గ్రూపులో వచ్చినట్టు రాయండి’ అంటారు. పోయినాయన గురించి వాళ్ళు నాకు నోటితో చెప్పేది ఎంత బాగుంటుందో! ఆయన చెయ్యి ఎలాంటిది, ఊళ్ళో తగువులొస్తే ఎలా తీర్చేవాడు, అన్నీ చెప్తారు. రాసేటప్పటికి ‘శివైక్యం చెందినారని తెలియజేయుటకు చింతించుచున్నాము’ దగ్గర ఆగిపోతుంది.

రాత విషయంలో నష్టం ఎక్కడంటే, పేర్ల దగ్గర. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా పనిలో గొడవలన్నీ ఇక్కడే.

ఇంగ్లీషు అక్షరాల్లో మేటర్ వస్తుంది. ఇంటిపేరు ‘జి, ఈ, డి, ఈ, ఎల్, ఏ’. మనకి తెలుసు కాబట్టి గేదెల అని కొడతాం. కొత్తవాళ్ళు గెడెల అనో గెదెల అనో చదువుతారు. పేడాడ కూడా అంతే, పెదద అని చదివినా ఇంగ్లీషులో తప్పు పట్టలేం. ‘తెలుగులో ఎలా రాస్తారు బాబూ’ అని ఫోన్ చేసి అడిగితే, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే పెళ్ళికొడుకు ‘ఒక్క నిమిషం, అమ్మని అడిగి చెప్తా’ అంటాడు. సొంత ఇంటిపేరు తెలుగు లిపిలో చూడని తరం ఒకటి తయారైంది. పోనీ గుర్తింపు కార్డు పంపమంటే దాని మీద తెలుగు కూడా యంత్రం ఇంగ్లీషులోంచి మార్చినదే ఒక్కోసారి. తప్పుని తప్పుతో సరిచూసుకున్నట్టవుతుంది.

ఊరిపేర్లు కూడా అలాగే. మ్యాపులో చూసి పలికేవాళ్ళు జామిని, మెంటాడని ఎలా పలుకుతారో మీరే వినండి.

పిల్లల పేర్లది మరో కథ. తాతల పేర్లు కార్డులో పైన ఉంటాయి: అప్పలస్వామి, పైడిరాజు, కూర్మారావు, ముఖలింగం. పేరు వినగానే ఏ జిల్లా మనిషో తెలిసిపోతుంది. మన పైడితల్లమ్మ అమ్మవారు, శ్రీకూర్మం, శ్రీముఖలింగం గుళ్ళు అన్నీ ఆ పేర్లలోనే ఉన్నాయి. కింద మనవడి పేరు నెట్‌లో వెతికి పెట్టినది. అలాంటి పేరు ముందు ఇంగ్లీషులో పుడుతుంది, తెలుగు రూపం తర్వాత నేను కార్డు వేసేటప్పుడు తేలాలి. బారసాలకి వచ్చిన ఒక తల్లి ‘రుత్విక్ అని రాయాలా, రిత్విక్ అనా, ఋత్విక్ అనా అన్నా’ అని నన్నే అడిగింది. మూడూ స్క్రీన్ మీద కొట్టి చూపించాను. చూడటానికి బాగుందని మూడోది ఎంచుకుంది. నాకు అభ్యంతరం ఏమీ లేదు, అక్షరమాలలో ‘ఋ’కి పని దొరికింది కదా అనుకున్నాను.

ఈ పేర్లతోనే ఇంకో చిన్న మార్పు వచ్చింది. పాత తెలుగులో బయటి మాట వస్తే చివర ‘ఉ’ తగిలించేవాళ్ళం. కారు, పెన్ను, బస్సు, ఫోను. ఇప్పుడు వచ్చేవాటికి తగిలించడం లేదు. లైక్, షేర్, లింక్, పోస్ట్, అన్నీ పొల్లుతో ఆగిపోతాయి. మనుషుల పేర్లు కూడా అంతే. పొల్లుతో ఆగాక వెంటనే ఇంకో మాట కలిస్తే ఫోను దాన్ని ఒత్తుగా చేసేస్తుంది. ‘సాయితేజ్‌కుమార్’ అని వేద్దామనుకుంటే ‘సాయితేజ్కుమార్’ అని, జ కింద క ఒత్తు వచ్చి పడుతుంది. పెళ్ళికొడుకు పేరే చదవడానికి రాదు. దీన్ని విడదీయడానికి మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు వెయ్యాలి. కంప్యూటర్లో చేసేవాళ్ళకి అది తెలుసు, ఫోనులో చాలా కీబోర్డుల్లో అది ఎక్కడుందో వెతకాలి. (సరదాకి చెప్తున్నాను: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో ఇదే గుర్తు ఒక పద్ధతిలో కలిసిన మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయేవి. కొద్ది రోజుల్లో అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకున్న వారం అదొక్కటే అనుకుంటా.)

ణ, ళ, శ, ష సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో లకీ ళకీ ఒకటే అక్షరం, నకీ ణకీ ఒకటే. దాంతో పిల్లలు తెలుగులో రాయాల్సి వచ్చినప్పుడు ‘పెల్లి’, ‘వానిశ్రీ’ అని రాస్తున్నారు. ఇది మొత్తం ఫోను మీదకి తోయలేం. మన ప్రాంతంలో నోటితో కూడా చాలామంది పెల్లి, కల్లు, నీలు అనే అంటారు. రాయడం వల్ల తేడా గుర్తుండేది, ఆ రాయడం తగ్గింది. రాయడం తగ్గడానికి ఫోనుకంటే చదువు పెద్ద కారణం. ఇంగ్లీషు మీడియం ఒకటి. ఇంటర్‌లో మార్కులు బాగా వస్తాయని తెలుగు బదులు సంస్కృతం తీసుకోవడం ఇంకొకటి. మీ అబ్బాయి సెకండ్ లాంగ్వేజ్ ఏమిటో మీరు రాయలేదు. సంస్కృతం అయితే రెండేళ్ళుగా వాడు తెలుగులో ఒక పేజీ కూడా రాసి ఉండడు. ఆ లోటుకి వాట్సాప్‌ని తిట్టడం అన్యాయం.

యూట్యూబ్, రీల్స్ మంచి చేస్తున్నాయా చెడా అని కూడా ఒక మాట అడిగారు. రెండూ. ఒకప్పుడు మన యాస తెర మీద వినబడితే ఆ మనిషి పనివాడో, అమాయకుడో అయి ఉండాలి. ఇప్పుడు కుర్రాళ్ళు సొంత ఫోనుతో సొంత మాటలో వీడియోలు చేస్తున్నారు, ఉత్తరాంధ్ర పాటలు ఎక్కడెక్కడో వింటున్నారు. సిగ్గు పోయింది, అది చాలా పెద్ద సంగతి. కానీ ఎక్కువ మంది చూడాలని ప్రతి వాక్యంలో ‘ఏటి’, ‘గుంటడు’ గుప్పిస్తారు. నిజం మనిషి అలా మాట్లాడడు. క్రియలన్నీ టీవీ తెలుగు, మధ్యలో నాలుగు ఊరి మాటలు. వీడియో యాస అని దానికొక కొత్త రకం తయారవుతోంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా కలిసిన మాటకీ, బొబ్బిలి మాటకీ ఉన్న తేడా అందులో కనబడదు.

ఈ గొడవ మనకి కొత్తదేం కాదు. రాతలో ఏ తెలుగు ఉండాలి అన్న తగువు మొదలైందే ఇక్కడ. గిడుగు రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. ఆయనా, గురజాడ అప్పారావు గారూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. విజయనగరంలో 1892లోనే ‘కన్యాశుల్కం’ ఆడారు, మనుషులు మాట్లాడుకునే తెలుగులో. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ తన అసమ్మతి రాసి ఇచ్చారు, పిల్లలకి గ్రాంథికమే నేర్పాలనడం మీద. వాళ్ళు గెలిచారు కాబట్టే ఇవాళ మీరూ నేనూ ఇలా రాసుకుంటున్నాం. ఐతే గిడుగు గారు అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగు. తర్వాత పత్రికల్లో స్థిరపడింది ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల మాట. మన ‘ఎల్తన్నాను’కి అప్పుడూ అచ్చులో చోటు రాలేదు, కథల్లో సంభాషణల్లో తప్ప. శ్రీకాకుళంలో కారా మాస్టారు, అంటే కథకుడు కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయానికి వెళ్తే, మన యాసలో రాసిన సంభాషణలు కావలసినన్ని దొరుకుతాయి. మామూలు మనిషి మామూలు అవసరానికి, ఉప్పు ధర గురించో బస్సు టైము గురించో, ‘ఎల్తన్నాను’ అని రాయడం మాత్రం ఫోను వచ్చాకే చూస్తున్నాను.

గిడుగు గారి పేరు వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఆయన సవర అనే గిరిజనుల భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వేశారు. ఆ భాషకి 1936లో మంగేయ్ గొమాంగో అనే ఆయన సొంత లిపి చేశారు, 2012లో అది యూనికోడ్‌లో చేరింది. సీతంపేట వైపు నుంచి సవర కుర్రాళ్ళు పాటల వీడియోలకి పోస్టర్లు చేయించుకోవడానికి వస్తారు. సొంత లిపి ఉన్నా వాళ్ళు తెలుగు అక్షరాల్లోనే వేయించుకుంటారు, ఎందుకంటే వాళ్ళ దగ్గర బడిలో చదివింది అవే. గొంతు దగ్గర ఆపి పలికే శబ్దాలు కొన్ని సవరలో ఉన్నాయి, వాటికి మన అక్షరాల్లో ఏమీ లేదు. ‘అది అలా వదిలెయ్యండి అన్నా, మావోళ్ళకి తెలుస్తాది’ అంటారు. మీ అబ్బాయి ఇంగ్లీషు అక్షరాలతో చేస్తున్నదీ దాదాపు అదే.

ఇక ఏం చెయ్యాలో చెప్తాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మాన్పించకండి. మాన్పిస్తే మీకు మెసేజులు తగ్గుతాయి, తెలుగు పెరగదు. వాడి ఫోనులో రెండో రకం కీబోర్డు, అంటే తెలుగు అక్షరాలే కనబడేది, పెట్టించండి. మొదట విసుగ్గా ఉంటుంది, చెయ్యి తిరిగాక వేగం అదే వస్తుంది. దానిలో మనం నొక్కిందే పడుతుంది, ‘నాను’ నానుగానే ఉంటుంది. సూచనలు అడ్డొస్తే సెట్టింగుల్లో ఆపేయొచ్చు. గూగుల్ కీబోర్డు జీబోర్డులో అయితే డిక్షనరీ అని ఉంటుంది, అందులో పర్సనల్ డిక్షనరీలోకి వెళ్ళి మన మాటలు చేర్చుకోవచ్చు. చేర్చుకున్నాక అదే ‘బేగి’ అని అందిస్తుంది.

మీరు కూడా వాడికి తెలుగు లిపిలో రాసేటప్పుడు ‘భోజనం చేసితివా’ ధోరణి మానేసి ఇంట్లో అన్నట్టే రాయండి. మన మాటని తెలుగు అక్షరాల్లో రాయొచ్చని వాడికి ఎవరో ఒకరు చూపించాలి కదా. వాడి ఎదురుగా మైకులో మాట్లాడేటప్పుడు గొంతు మార్చకండి, తప్పు పడితే పడనీయండి.

నాయనమ్మతో వీడియో కాల్‌తోపాటు వాయిస్ మెసేజులు కూడా పెట్టించండి. కాల్ అయితే కట్ అవగానే పోతుంది, మెసేజ్ ఉంటుంది. ఫోను నిండిపోయిందని అన్నీ ఒక్కసారి డిలీట్ చేసే అలవాటు కుర్రాళ్ళకి ఉంటుంది, అంతకుముందే కంప్యూటర్లోకో మెమరీ కార్డులోకో దించుకోండి. సామెతలు, వంటలు, పొలం పని మాటలు, మదుము (తూము) ఎక్కడ తియ్యాలి, చోడంబలి (రాగి అంబలి) ఎలా కాయాలి, ఇవి ఆవిడ చేత చెప్పించండి. ఊరికే ‘మన యాసలో మాట్లాడమ్మా’ అంటే ఎవరికైనా నోరు రాదు, పని గురించి అడిగితే వస్తుంది.

పేర్లకి మాత్రం కాగితమే వాడండి. ఇంటిపేరు, గోత్రం, ఊరిపేరు, తాతముత్తాతల పేర్లు, రెండువైపులా బంధువుల పేర్లు, తెలుగులో వాడి చేతే రాయించండి, మీ అమ్మగారి చేత సరిచూయించండి. ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టండి. పెళ్ళికీ పేరంటానికీ ఏ ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్ళినా ఆ ఫొటో పంపితే చాలు, మా పని సగం తేలికవుతుంది.